‘బ్రాండిష్’ – ఒక ఆంగ్లక్రియ పుట్టుపూర్వోత్తరములు



ప్రభుత్వ కార్యాలయములలో పనిచేయు తెలుగువారికి ఆంగ్లము నిత్యము చేతిలో నుండు పనిముట్టు. ఉత్తరువులు, నివేదికలు, జాబులు ఎక్కువభాగము ఆ భాషలోనే నడచుచుండును. అయినను పారతో పనిచేయువాడు పార పుట్టుకను విచారింపనట్లే, భాషతో పనిచేయువారును మాట పుట్టుకను సాధారణముగ విచారింపరు. అప్పుడప్పుడు ఒక్క మాటనైనను చేతిలోనికి తీసికొని త్రిప్పి చూచిన యెడల దాని వెనుక ఎంత చరిత్ర దాగియున్నదో తెలియవచ్చును. అట్టి మాటలలో ‘బ్రాండిష్’ అను క్రియ యొకటి.

పోలీసు నివేదికలలో ఈ మాట తరచుగ కనిపించును. ఒకడు కత్తిని ‘బ్రాండిష్’ చేయుచు వచ్చెనని వ్రాయుదురు. మన పత్రికలవారు దానిని ‘ఝళిపించుట’ అని అనువదింతురు. అనువాదము చక్కనిదే. కాని ఇంత చిన్న మాటలో అగ్ని యున్నది, ఖడ్గము ఉన్నది, మూడు భాషల ప్రయాణమున్నది. అన్నిటికంటె ముఖ్యముగ, దెబ్బకు ముందుండు ఒక్క క్షణమున్నది. ఆ క్షణమునందు ఏమి జరుగునను ప్రశ్నయే ఈ ప్రసంగమునకు ప్రాణము.

మొదట అర్థమును చూతము. ‘బ్రాండిష్’ అనగా కొట్టుట కాదు, నరకుట కాదు. కేవలము పట్టుకొనియుండుటయు కాదు. వంటింటిలో కూరలు తరుగు గృహిణి చేతిలో కత్తి యున్నను ఆమె దానిని ‘బ్రాండిష్’ చేయుచున్నదని ఎవరును అనరు. గోడకు వ్రేలాడు ఖడ్గమును గూర్చియు అట్లనరు. ఈ క్రియ జరుగుటకు మూడు కావలయును: చేతిలో ఒక వస్తువు, ఆ వస్తువునకు ఒక కదలిక, ఆ కదలికను చూచు ఒక మనిషి. సాధారణముగ ఈ మూడవది లేనిచో మొదటి రెండింటికిని అర్థము లేదు. చూచువాని కొరకే అది ఎత్తబడుచున్నది. కనుక అది ఆయుధముతో పలికిన వాక్యమని చెప్పవచ్చును.

కాలక్రమమున ఈ క్రియ ఆయుధములను దాటి వచ్చినది. శాసనసభలో ఒక సభ్యుడు ఒక జాబును పైకెత్తి ఆడించి మంత్రిని నిలదీసినను నేడు ఆంగ్లపత్రికలు ఇదే మాటను వాడుచున్నవి. కాగితమైనను కత్తివలె ఎత్తవచ్చునని దీని భావము.

ఇక పుట్టుక. ‘బ్రాండిష్’ లోని మొదటి భాగము ‘బ్రాండ్’. జెర్మానిక్ భాషాకుటుంబమున దీనికి మూలార్థము మండుట. మండుచున్న కట్టె, అనగా మన ‘కొరవి’, దీని తొలి అర్థము. ప్రాచీనాంగ్లములో ఈ పదము అగ్నికిని, కొరవికిని, ఖడ్గమునకును కూడ వాడబడినది. ‘బేవుల్ఫ్’ అను ప్రాచీన వీరకావ్యమునందు కత్తి యను అర్థమున ఇది కనిపించును. కొరవికిని కత్తికిని పొత్తు ఎట్లు కుదిరినదని అడుగవచ్చును. ఎండలో గాని, దివిటీ వెలుగులో గాని త్రిప్పిన కత్తి మంటవలె తళుక్కుమనును గదా! ఆ తళుకే ఈ రెండు అర్థములను కలిపినదని భాషావేత్తలు భావింతురు.

ఈ జెర్మానిక్ పదమును ఫ్రాంకులు తమతో గాల్ దేశమునకు తీసికొనిపోయిరి. అక్కడ ప్రాచీన ఫ్రెంచి భాషలో దానినుండి ‘బ్రాందిర్’ అను క్రియ పుట్టినది. కత్తిని ఆడించుట అని దాని అర్థము. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఫ్రెంచి మాటలు ఆ దేశమున వెల్లువగ వచ్చినవి. ఆ వరుసలోనే 14వ శతాబ్దమున ఈ క్రియయు ఆంగ్లములో చేరినది. చివరనున్న ‘ఇష్’ ఫ్రెంచి క్రియారూపముల గుర్తు. ‘ఫినిష్’, ‘పనిష్’, ‘పెరిష్’ అను మాటల తోకయు అదియే. చిత్రమేమనగా, ఇంగ్లండులో అంతకుముందే ‘బ్రాండ్’ అను మాట ఇంటనున్నది. పరదేశమునకు పోయి వేషము మార్చుకొని వచ్చిన జ్ఞాతివలె ‘బ్రాండిష్’ తిరిగివచ్చి దాని ప్రక్కన నిలిచినది.

ఇంటనున్న ‘బ్రాండ్’ మరియొక త్రోవను నడచినది. కాల్చిన ఇనుముతో పశువులకు వేయు ముద్రకు ఆ పేరు వచ్చినది. ముద్రనుండి వర్తకపు గుర్తు వచ్చినది. నేడు సబ్బుబిళ్ళకును, టీపొడికిని గల ‘బ్రాండు’ ఇదియే. ‘బ్రాందీ’ యను పానీయపు పేరు డచ్చి భాషలో ‘కాల్చిన ద్రాక్షాసవము’ అను మాటనుండి వచ్చినది. అందులోనిదియు ఈ కాల్పే. అంగడిలోని గుర్తు, సీసాలోని మద్యము, పైకెత్తిన కత్తి – ఈ మూడును ఒకే నిప్పునకు పుట్టిన బిడ్డలు.

బెదిరింపును తెలుపు ఇతరములైన ఆంగ్లపదములను చూచినను ఇట్టి బొమ్మలే కనిపించును. ‘మెనేస్’ అను మాటకు మూలము లాటిను భాషలో ముందునకు పొడుచుకొని వచ్చిన కొన లేక శిఖరము. మీదికి ఒరిగియున్నదానిని చూచి భయపడుట సహజము. ‘ఇమ్మినెంట్’, ‘ప్రామినెంట్’ అను మాటలును ఆ జాతివే. ‘థ్రెట్’ అను మాటకు ప్రాచీనాంగ్లములో గుంపు, ఒత్తిడి అను అర్థములు ఉండెడివి. పలువురు మీదికి వచ్చుటయే బెదిరింపు. షేక్స్పియర్ అను ఇంటిపేరునకు కూడ బల్లెమును ఆడించువాడని అర్థము చెప్పుదురు. కలము పట్టినవాని ఇంటిపేరులో బల్లెము ఉండుట చమత్కారమే.

మన భాషవైపు తిరుగుదము. తెలుగులో బెదిరించుట, జడిపించుట, అదలించుట, గద్దించుట మొదలగు క్రియలు పెక్కు కలవు. కాని అంతకంటె గమనింపదగినవి మన పలుకుబళ్ళు. కన్నులెఱ్ఱజేయుట, గుడ్లురుముట, పండ్లు కొరకుట, మీసము మెలివేయుట, తొడగొట్టుట, వ్రేలు చూపుట – వీనిలో ఒక్కదానియందును ఆయుధము లేదు! ఆంగ్లక్రియకు చేతిలో ఏదో ఒక వస్తువు కావలయును. తెలుగువానికి దేహమే చాలును. పద్యనాటకము చూచినవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. భీముడు తొడచరచిన చప్పుడునకు చివరి వరుసలోని పసిపిల్లలు కూడ ఉలికిపడుదురు.

సంస్కృతము ఇంకను ఒక అడుగు ముందునకు వేసినది. బొటనవ్రేలి ప్రక్కనున్న వ్రేలికి ‘తర్జని’ యని పేరు. ‘తర్జ్’ అను ధాతువునకు బెదిరించుట అని అర్థము. కావున తర్జని యనగా బెదిరించు వ్రేలు. మనుష్యుడు పుట్టుకతోనే చేతికొక బెదిరింపును ధరించివచ్చెనని ఆ పేరు పెట్టినవారి అభిప్రాయము కాబోలు! మనము ఎంతసేపటికిని తేలని చర్చను ‘తర్జనభర్జనలు’ అందుము. మాటలను విడదీసి చూచినచో తర్జనము బెదిరించుట, భర్జనము వేచుట. తెలుగువారి చర్చల స్వభావమును ఈ సమాసము బాగుగనే పట్టుకొన్నది.

మరియొక పదము ఇంతకంటె విలువైనది. సంస్కృతమున ‘ఉద్యత’ అనగా పైకెత్తబడినది. ఖడ్గమును పైకెత్తినవాడు ఉద్యతఖడ్గుడు. ఆ ధాతువునుండి పుట్టినదే ‘ఉద్యమము’. పైకెత్తుట అను అర్థమునుండి ప్రయత్నము, అందుండి నేటి వ్యవహారమున పలువురు కలిసి చేయు పోరాటము అను అర్థము వచ్చినవి. ఆంగ్లములో ఎత్తిన కత్తి కత్తిగనే మిగిలినది. మన భాషలో ఆ ఎత్తిన చేయి ప్రజల ఉద్యమమైనది. అట్లయినచో కత్తి లేకయే ఒక జనసమూహము తన చేతిని ఎత్తి చూపగలదా? ఆ సైగ ఎట్లుండును? ఈ ప్రశ్నకు సమాధానము తెలుగునేలకు పొరుగుననే, బస్తరు అడవులలో దొరకును.

బస్తరు మనకు పరాయిది కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన పిదప ప్రతాపరుద్రుని సోదరుడగు అన్నమదేవుడు ఇంద్రావతీ తీరమునకు పోయి అక్కడ రాజ్యము స్థాపించెనని పరంపరగ చెప్పుదురు. దక్షిణ బస్తరునందలి భోపాలపట్నము, కొంటా ప్రాంతములలో నేటికిని తెలుగు వినిపించును. ఒకప్పటి సంస్థానము 1948లో విలీనమైనది. నేడది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున ఏడు జిల్లాల డివిజను. అందు బీజాపూరు, సుకుమా జిల్లాలు తెలుగునేలను ఆనుకొనియున్నవి.

ఆ ప్రాంతమున బెదిరింపు సైగ మొదట ఆటలో కనిపించును. దండామి మారియాల నృత్యమున పురుషులు అడవిదున్న కొమ్ములను తలపై ధరించి, మెడలో పెద్ద డోలు వేసికొని, దున్నలవలె ఒకరిమీదికొకరు కుమ్మవచ్చినట్లు అభినయింతురు. స్త్రీలు ఇనుపమువ్వల కర్రలను నేలకు తాటించుచు లయ కలుపుదురు. కొమ్ము వంగును, అడుగు ముందునకు పడును, కాని దెబ్బ తగులదు. చూచువారందరు ఆనందింతురు. ఒకే కదలిక ఒకచోట ఆట, మరొకచోట హెచ్చరిక. ఏది ఏదియో తెలియుట చూచువాని వివేకముపై ఆధారపడియున్నది.

అదే అడవిలో హెచ్చరికలును పుట్టినవి. 1876లో మురియాలు అధికారుల పీడనమునకు తాళలేక రాజును అడ్డగించి, రాజధానియగు జగదల్‌పూరును చుట్టుముట్టిరి. అప్పుడు సిరొంచనుండి ఆంగ్లాధికారి వచ్చి వారి మొర ఆలకింపగా, జనులు దూషించిన అధికారులను తొలగించుటతో అలజడి చల్లారినది. ఆ సంవత్సరముననే ‘మురియా దర్బారు’ ఆరంభమైనది. బస్తరు దసరా ఉత్సవముల చివర గ్రామపెద్దలు కూడి తమ కష్టములను చెప్పుకొను సభ అది. రాజులు పోయినను ఆ సభ నిలిచినది. నేడు ప్రజాప్రభుత్వ ప్రతినిధులు అందు కూర్చుండి వినుచున్నారు. ఎత్తిన చేతికి విను చెవి దొరకినచో ఏమగునో చెప్పుటకు ఇది ఒక ఉదాహరణము.

విను చెవి దొరకనిచో ఏమగునో 1910 తెలిపినది. 1905లో ఆంగ్లప్రభుత్వము అడవిలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయవలెననియు, పోడు వ్యవసాయమును, వేటను, అటవీ వస్తువుల సేకరణను ఆపవలెననియు ప్రతిపాదించినది. కొన్ని గ్రామములవారిని అడవిలో ఉండనిచ్చిరి గాని, అటవీశాఖకు కూలి లేకుండ చెట్లు నరకి, మోసి, నిప్పునుండి అడవిని కాపాడవలెనను షరతు పెట్టిరి. భూమిశిస్తు పెరిగినది. అధికారులకు వెట్టిచాకిరి తప్పలేదు. 1899–1900లోను, మరల 1907–1908లోను కరవులు వచ్చినవి. గ్రామసభలలో, సంతలలో, జాతరలలో, పెద్దలును పూజారులును కూడిన ప్రతిచోటను జనులు ఈ బాధలనే చెప్పుకొనిరి. మాటలు చాలకాలము నడచినవి.

అటుపిమ్మట, 1910లో, ఊరినుండి ఊరికి కొన్ని వస్తువులు పోవుట మొదలయ్యెను. ఒక మామిడికొమ్మ. ఒక మట్టిగడ్డ. కొన్ని మిరపకాయలు. ఒక బాణము. ఇవి ఏ పల్లెకు చేరినను అందలి జనులకు సందేశము అర్థమయ్యెను: లెండు, తిరుగబడుడు. అందులో వ్రాయబడిన అక్షరము ఒక్కటియు లేదు. ఏ వస్తువు దేనిని సూచించెనో విడివిడిగ నిఘంటువు వ్రాయ నక్కరలేదు. తాతలనాటి నేలను పోగొట్టుకొనుచున్నవానికి మట్టిగడ్డ యేమి చెప్పునో, కారము నోటికి తగిలినవానికి మిరపకాయ యేమి చెప్పునో ఎవరును బోధింపవలసిన పనిలేదు. ఆంగ్లపదమున గల కొరవి మంట ఇచట మిరపకాయ మంటగ వచ్చినదని అనుకొనవచ్చును.

ఒక మనుష్యుడు కత్తిని ఎత్తుటకు మారుగ, ఒక అడవి యావత్తు ఒక మామిడికొమ్మను ఎత్తినది. ప్రతి పల్లెయు తిరుగుబాటు ఖర్చునకు ఏదో ఒకటి ఇచ్చినది. కాంగేరు అడవిలోని ధ్రువాలు మొదట కదలిరి. నేతనారు గ్రామమునకు చెందిన గుండా ధూరు పేరు ఈ ఉద్యమమునకు ముఖ్యమైన పేరుగ నిలిచినది. ‘భూంకాల్’ అని దీనిని పిలుతురు.

సైగ సైగగనే ఆగలేదు. ఎత్తిన చేయి దిగినది. సంతలు దోచబడినవి. అధికారుల, వర్తకుల ఇండ్లును, పాఠశాలలును, పోలీసుస్టేషనులును తగులబడినవి. ధాన్యము పంచబడినది. ప్రభుత్వము సైన్యమును పంపినది. సైనికులు తిరుగుబాటుదారుల విడుదులను చుట్టుముట్టి కాల్పులు జరిపిరి. పల్లెలవెంట పోయి అనుమానితులను కొరడాలతో కొట్టిరి. జనులు ఊళ్ళు విడిచి అడవులలోనికి పారిపోయిరి. అధికారము తిరిగి చేజిక్కుటకు ఆంగ్లేయులకు 3 నెలలు పట్టినది. గుండా ధూరు మాత్రము వారికి చిక్కలేదు. చివరకు రిజర్వు పని కొంతకాలము ఆపివేయబడినది. రిజర్వు చేయదలచిన విస్తీర్ణము ఇంచుమించు సగమునకు తగ్గింపబడినది.

ఈ తగ్గింపునుగూర్చి ఆలోచింపవలసియున్నది. సగము అడవిని విడిచిపెట్టుట 1910 తరువాత సాధ్యమైనప్పుడు అంతకుముందు ఎందుకు సాధ్యము కాలేదు? సంతలలో చెప్పుకొన్న మాటలను ఎవరైన ముందే విని యుండినచో, మామిడికొమ్మ కదలక మునుపే ఆ సగము విడువబడియుండునా? చరిత్ర దీనికి జవాబు చెప్పదు. కాని 1876ను 1910 ప్రక్కన ఉంచి చూచినవారికి ఆ ప్రశ్న రాకమానదు. ఇటీవలి దశాబ్దములలో ఆ అడవి తుపాకుల మ్రోతలనే ఎక్కువగ విన్నది. ఆ మ్రోతలో నలిగినవారు అధికభాగము నిరుపేదలే. కావున ప్రశ్న పాతదియు కాదు, పుస్తకములకు మాత్రమే చెందినదియు కాదు.

న్యాయశాస్త్రము కూడ ఈ క్షణమునే పట్టుకొన్నది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 351వ సెక్షనులో ‘అసాల్ట్’ అను నేరమునకు నిర్వచనము ఉండెడిది. 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో అది 130వ సెక్షను. ఒకడు మరియొకనిపై పిడికిలి ఆడించి, ఇప్పుడే కొట్టునేమో యను భయమును కల్పించినచో, దెబ్బ తగులకున్నను నేరమే. ఇందులో ఒక సూక్ష్మమున్నది. కేవలము మాటలు ఈ నేరము కాజాలవు. కాని మాటలు సైగకు ఆ అర్థమును కల్పింపగలవు. అనగా సైగ భాషయే యని, దానిని మాటతో కలిపి చదువవలెనని చట్టమే అంగీకరించినది.

సైగ ఎల్లప్పుడును క్రిందివానిదే కాదు. అర్జీ పట్టుకొని వచ్చిన ముసలివానిపై మేజా అవతలనుండి తర్జని చూపుటయు బెదిరింపే. ఫైలును మేజాపై చప్పుడగునట్లు పడవేయుటయు ఒక విధమైన ఝళిపింపే. బస్తరు అడవిలో మామిడికొమ్మకు ముందు పెక్కు తర్జనులు లేచియుండునని వెట్టిచాకిరి చరిత్ర చదివినవారికి తోచును. బలవంతుడు వ్రేలు చూపినప్పుడు దానిని ఎవరును లెక్కింపరు. బలహీనుడు కొమ్మ ఎత్తినప్పుడు దానిని నేరమందురు. రెండును ఒకే క్రియాపదము క్రిందికి వచ్చునని నిఘంటువు మనకు గుర్తుచేయుచున్నది.

మహాభారతమున యుద్ధమునకు ముందు ‘ఉద్యోగపర్వము’ ఉన్నది. తిక్కన సోమయాజి దానిని తెనిగించినాడు. తెలుగు సమాజములవారు పడకసీనును, రాయబారమును ప్రదర్శించునప్పుడెల్ల ఆ పర్వమే మన కన్నులయెదుట నిలుచును. ఉభయపక్షములును ఆయుధములు సిద్ధము చేసికొన్నవి. అయినను బాణము ఇంకను విడువబడలేదు. ఆ నడిమి వేళలో ఒకడు ఊళ్ళడిగి సంధి మాటలాడుటకు పోయినాడు. అక్కడ మాట విననివారి గతి యేమైనదో పిల్లలకు కూడ తెలియును.

ఎత్తిన చేతికిని పడు దెబ్బకును నడుమనున్న ఆ వ్యవధియే ‘బ్రాండిష్’ అను మాటలో దాగియున్నది. ఆ వ్యవధిలో చేయదగిన పని ఒక్కటే: ఆ చేయి ఏమి చెప్పుచున్నదో అడిగి తెలిసికొనుట. ఆ పనికి పూనుకొన్నవారిని ఉద్యోగులనుట న్యాయము. మనవారు జీతమునకు చేయు కొలువునకు కూడ ‘ఉద్యోగము’ అను ఆ పాత పేరే పెట్టుకొనియున్నారు.